కరిముల్లా పేజరు కుండీలు

కరిముల్లా నోరు తెరిచాడంటే, బ్యారేజీ గేట్లకి కూడా ఆగని కృష్ణమ్మ కాసేపు ఆగి విని మరీ పోతుందని రత్తయ్య అంటుంటాడు. బెంజ్ సర్కిల్ వెనక సందులో రత్తయ్యకి టీ బడ్డీ ఉంది. కరిముల్లా వచ్చి బల్ల మీద కూర్చున్న రోజు టీలు రెండింతలు పోతాయి కాబట్టి, రత్తయ్య ఆయన్ని ఎంత మోసినా తప్పు పట్టేవాళ్ళు లేరు.

చెత్త ట్రాక్టరు తోలి తోలి ఈమధ్యే మానేశాడు కరిముల్లా. ఆయన కోతలన్నిట్లోకీ పెద్ద కోత పేజరు కుండీలది. ఆ వీధులు ఊడ్చే అమలమ్మ దాన్ని పదకొండేళ్ళుగా వింటోంది. మొదట్లో అది సింగిల్ టీ తాగేలోపు అయిపోయేది. ఇప్పుడు టీ అయి, బన్ను అయి, ఇంకో టీ కూడా అవ్వాలి. విన్న ప్రతిసారీ అందరికంటే ముందు నవ్వేది అమలమ్మే. ఏళ్ళ తరబడి చీపురు పట్టిన ఒళ్ళు, ఆ నవ్వుతో కాస్త తేలికయ్యేది.

ఈ పూట మాత్రం ఆమెకి నవ్వు రావడం లేదు. పొద్దున్నే మేస్త్రీ ఓ మాట చెప్పాడు. ఈ ఏరియా కుండీల మూతలకి హైదరాబాదు కంపెనీ వాళ్ళు సెన్సార్లు బిగించారు. కుండీ నిండితే అదే ఆఫీసుకి కబురు పంపుతుందట. వారం రోజులుగా ఓ ఇంజనీరమ్మ వచ్చి చూస్తోంది. ఈ సాయంత్రం రిపోర్టు పంపుతుంది. మిషను చాలని ఆ పిల్ల రాస్తే, కుండీల దగ్గర తిరిగి ఊడ్చి కబురు చెప్పే ఆరుగురు ఆడవాళ్ళు ఒకటో తారీకు నుంచి రానక్కర్లేదు. ఆ ఆరుగురిలో అమలమ్మ ఒకతె.

అందుకే అటునుంచటే కరిముల్లా ఇంటికెళ్ళింది. "అన్నా, చదువుకున్నోళ్ళతో మాట్లాడే నోరు నీది. ఆ పిల్లతో మా గురించి ఒక్క మాట చెప్పవా?"

"ఒక్క మాటేంటే, వంద చెప్తా. పో, నిశ్చింతగా ఉండు" అన్నాడు.

వంద అన్నప్పుడే భయపడాల్సింది అమలమ్మ.

పదింటికి ఇంజనీరమ్మ బడ్డీ దగ్గరికి రానే వచ్చింది. పేరు ఉషశ్రీ, పాతికేళ్ళుంటాయి. ఎండకి మొహం కందిపోయి ఉంది. లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని, రత్తయ్య ఇచ్చిన టీ ఊదుకుంటూ అడిగింది. "మీరు ఇక్కడ చాలా ఏళ్ళు ట్రాక్టరు నడిపారటగా అండీ. ఆ రోజుల్లో ఏ కుండీ నిండిందో మీకెలా తెలిసేది?"

అడగాల్సిన ప్రశ్నే అడిగింది. ఒక్క పేరు చెబితే చాలు. బల్ల చివర చీపురు పక్కన పెట్టుకుని కూర్చున్న అమలమ్మ కాస్త ముందుకి జరిగింది.

కరిముల్లా ఆ పిల్ల వైపు చూశాడు. లాప్‌టాప్ వైపు చూశాడు. తను చెప్పబోయేది రాసుకోవడానికి మీటల మీద సిద్ధంగా ఉన్న వేళ్ళ వైపు చూశాడు. ఆయన జన్మలో ఆయన మాట ఎవరూ రాసుకోలేదు. గొంతు సవరించుకున్నాడు.

"తొంభై ఎనిమిదో సంవత్సరమండీ మేడమ్. అప్పుడీ మూతల కుండీలు ఎక్కడివి? సిమెంటు ఒరలు. తొమ్మిదుండేవి. నేను బండేసుకుని పోతే ఒకటేమో ఖాళీ, ఇంకోటేమో పొంగి రోడ్డెక్కి కూర్చునేది. ఖాళీ కుండీ మొహం చూడ్డానికి డీజిలు తగలెయ్యడం నా మనసుకి ఒప్పేది కాదు. అప్పుడే కాంట్రాక్టరు నాకో పేజరిచ్చాడు. అగ్గిపెట్టెంత, నడుముకి తగిలించుకునేది. మీరు చూసుండరు, అప్పుడు మీరు పలకా బలపంతో ఉండుంటారు. సరే, పేజరు చేతికొచ్చాక బుర్ర ఊరుకుంటదా? కొండపల్లి బస్సెక్కేశా!"

"కొండపల్లెందుకు బాబాయ్?" ఆటో ముస్తాక్ అడిగాడు. వాడికి తెలుసు. అడక్కపోతే కథ ముందుకి పోదని అడిగాడు.

"బొమ్మలు చేయించడానికిరా! తెల్లపొణికి కర్రతో తొమ్మిది బొమ్మలు. బెండులాగా తేలిగ్గా ఉంటదండీ ఆ కర్ర. చెత్త మీద నిలబెట్టామనుకోండి, చెత్త పెరిగేకొద్దీ బొమ్మ పైకి లేస్తది. అంచు దాకా వచ్చిందా, బొమ్మ చెయ్యి పోయి పేజరు బటను నొక్కుద్ది. ఒక్కో కుండీకి ఒక్కో పేజరు బిగించానన్నమాట. నా నడుం మీద కుయ్ కుయ్ మంటది. చూస్తే 'ఏడు'. అంటే ఏడో కుండీ నిండింది, కదలరా కరిముల్లా అని!"

"ఫ్లోట్ టైపన్నమాట" అంటూ ఉషశ్రీ టకటకా కొట్టుకుంది.

"ఫ్లోటో ప్లేటో నాకు తెలీదు మేడమ్. కొండపల్లి టైపు."

అందరూ నవ్వారు. ఏడు అన్న మాట వినగానే అమలమ్మకి మాత్రం ఎర్ర ఫోను గుర్తొచ్చింది. మందుల షాపు ముందు, రూపాయి బిళ్ళ వేసి మాట్లాడే ఫోను. తెలతెలవారుతుంటే కాలవ గట్టు మీద నుంచి నడిచొచ్చి, తొమ్మిది కుండీలూ చుట్టి, కర్రతో తట్టి చూసి, ఆ ఫోను దగ్గరికి పోయేది. అవతల, చెప్పిన కబురు పేజరుకి పంపే ఆఫీసులో ఓ పిల్ల గొంతు, "నమస్కారం, మెసేజ్ చెప్పండి" అనేది. "ఏడు" అనేది అమలమ్మ. "ఏడు తర్వాతండీ?" "తర్వాతేం లేదమ్మా, ఏడే. ఆయనకి తెలుసు." మట్కా నంబర్లేమోనని పాపం ఆ పిల్ల కొన్నాళ్ళు హడలిపోయింది. కుండీల సంగతి తెలిశాక ఎంత నవ్విందో! అప్పట్నుంచీ ఫోనెత్తగానే "అక్కా, ఇవాళెంత?" అనేది. ఓ పొద్దున, "రేపట్నుంచి నేను రానక్కా, పెళ్ళి కుదిరింది" అంది. మొహమైనా చూడని పిల్ల కోసం ఫోను పట్టుకుని ఏడ్చింది అమలమ్మ. ఆ ఎర్ర ఫోనూ పోయింది, ఆ పొద్దులూ పోయాయి. ఎంత బాగుండేవో అనిపించింది ఆమెకి.

"నెల తిరిగేసరికి ఏమైందో తెలుసా?" కరిముల్లా బల్ల మీద కాలు మడిచి సర్దుకున్నాడు. "నిండిందని చెప్పడంతో సరిపెట్టుకోలా నా బొమ్మలు. ఏం పడిందో కూడా చెప్పడం మొదలెట్టాయి! 'మూడో కుండీ, ముప్పావు, పైన మామిడి టెంకలు, చిన్న రసాలు' అని వచ్చేది. టెంక తగిలితే రకం చెప్పేసేయండీ! ఓసారి 'ఆరో కుండీ, గోంగూర కాడలు, ఉల్లి తొక్కలు, ఆ ఇంటికి చుట్టాలొచ్చారు' అని వచ్చింది. పోయి చూద్దును కదా, గుమ్మం ముందు నాలుగు జతల కొత్త చెప్పులు!"

"చుట్టాలు ఎన్నాళ్ళుంటారో కూడా చెప్పేవా?" అన్నాడు రత్తయ్య.

"చెప్పేవి. ఆ ఇంటి ఇల్లాలు నన్ను చాటుగా అడిగి కనుక్కునేది!"

ఆ గోంగూర కాడల సంగతి అమలమ్మ చెప్పిందే. చుట్టాలొచ్చారని ఊహించిందీ ఆమే. ఇంజను చప్పుడులో అరిచి మరీ చెప్పింది. అబద్ధాలన్నీ ఆయనవే గాని, వాటిల్లో అక్కడక్కడా తగిలే నిజాలన్నీ తనవేనని ఆమెకి ఈ పూటే తట్టింది.

"ఆ తర్వాత వాటిలో వాటికి స్నేహం కుదిరిందండీ. ఏడోది నిండితే ఎనిమిదో దానికి కబురు పెట్టేది. 'వదినా, నా దగ్గర చోటు లేదు, కాస్త నువ్వు సర్దుకో' అని. అంతే, చెత్తబుట్ట పట్టుకొచ్చినోళ్ళ కాళ్ళు వాటంతటవే ఎనిమిదో కుండీకి తిరిగేవి! ఇక రెండువేల నాలుగు పుష్కరాలు..."

"అప్పటికి పేజర్లు పోయాయిగా బాబాయ్, అందరం సెల్లులు కొన్నాం" అన్నాడు ముస్తాక్.

"కంపెనీ పోయిందిరా, నా బొమ్మలు పోయాయా? అడ్డం రాకు. ఊరూరి జనం వచ్చి మునుగుతుంటే, రోడ్డు మీద ఒక్క విస్తరాకు కనపడితే ఒట్టు! నా బొమ్మల సిగ్నలు ఎంత గట్టిదంటే, ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషను మీటర్లలో ముళ్ళు గిర్రున తిరిగేవి. అక్కడి ఇంజనీర్లు 'మా కరెంటుకి ఇంత బలం ఎక్కడిదబ్బా' అని తలలు పట్టుకున్నారు. అదీ దాటి పైకి పోయింది సిగ్నలు. ఓరోజు శ్రీహరికోట నుంచి ఫోను!"

"ఓరి నాయనో!" అన్నాడు రత్తయ్య, టీ వడగట్టడం ఆపేసి.

"'కరిముల్లా గారూ, రాకెట్టు రెడీగా ఉందండీ. మీ ఏడో కుండీ సిగ్నలు అడ్డొస్తంది. ఒక్క పది నిమిషాలు ఆ బొమ్మని పడుకోబెడతారా?' అన్నారు. ఏం చేశానో తెలుసా? పడుకోబెట్టా. దేశం కోసం! రాకెట్టు లేచిపోయింది. పది నిమిషాలయ్యాక బొమ్మని లేపితే, కళ్ళు నులుముకుని అడిగింది, 'అన్నా, వెళ్ళిందా?' అని!"

బడ్డీ మొత్తం గొల్లుమంది. ముస్తాక్‌కి పొలమారింది. అమలమ్మకి కూడా పెదవుల దాకా వచ్చింది నవ్వు, ఉషశ్రీ మొహం చూసి ఆగిపోయింది. ఆ పిల్లా నవ్వింది గాని, నవ్వుతూనే ఏదో రాసుకుంటోంది.

"రాకెట్టు సంగతి వదిలేద్దాం బాబాయ్ గారూ" అంది ఉషశ్రీ. "మొదట చెప్పారే, ఫ్లోటూ పేజరూ, అది మాత్రం బాగా పనిచేసిందన్నమాట. మనుషులు తిరక్కుండానే తొమ్మిది కుండీలూ నడిచాయి."

"నడవడమేంటండీ, పరిగెత్తాయి!"

"మంచి పాయింటండీ ఇది. రిపోర్టులో పెడతాను. ఆ రోజుల్లోనే మనుషుల అవసరం లేదంటే, ఇప్పుడు ఇంత మంచి సెన్సారుండగా ఆరుగురు ఆడవాళ్ళు ఎందుకు?"

కరిముల్లా చేతిలో గ్లాసు నోటి దాకా వచ్చి ఆగింది. బల్ల చివరికి చూశాడు. పొద్దున ఇచ్చిన మాట అప్పుడు గుర్తొచ్చినట్టుంది. నోరు తెరిచాడు. ఏదో చెప్పబోయాడు. మళ్ళీ లాప్‌టాప్ వైపు చూసి, గ్లాసులోకి చూపు దించేసుకున్నాడు.

అమలమ్మకి అర్థమైంది. ఇన్నేళ్ళు కట్టుకున్నది నలుగురి ముందూ తన చేత్తో తను కూలగొట్టుకోలేడు. జాలేసింది, ఒళ్ళూ మండింది. తన ఒక్కదాని సంగతైతే ఊరుకునేదేమో. ఆ ఆరుగురిలోనే ఉన్న ఆదెమ్మకి మోకాళ్ళు పోయాయి, ఈ పని తప్ప ఇంకో పని చేతకాదు. చీపురు పక్కకి నెట్టి లేచి నిలబడింది.

"అన్నా, నాకో అనుమానం. పేజరుకి కబురు రావడమే గాని, పేజరు నుంచి కబురు పోవడం ఉందా?"

పొయ్యి మీద పాలు బుసబుసా పొంగుతుంటే రత్తయ్యే వాటి సంగతి మర్చిపోయాడు. తర్వాత ముస్తాక్ తొడ చరిచాడు. "అవునే! మా బావ దగ్గరుండేది. బటను నొక్కితే లైటు వెలిగేది, అంతే! కబురు పంపాలంటే ఆఫీసుకి ఫోను చేసి చెప్పాలి!"

"మరి ఆ ఫోను ఎవరు చేసేవోళ్ళన్నా? కొండపల్లి బొమ్మా?"

ఈసారి లేచిన నవ్వు ఇందాకటి నవ్వు కాదు. కరిముల్లా తల ఎత్తలేదు. ఉషశ్రీ నవ్వలేదు. లాప్‌టాప్ మూత సగం దించి, అమలమ్మని ఇప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూసింది.

"మీరు చేసేవారా? నిండిందని మీకెలా తెలిసేది?"

"కర్రతో తడితే తెలుస్తదమ్మా. ఖాళీదో రకంగా మోగుద్ది, నిండింది అసలు మోగదు. అయినా నిండాక తెలుసుకునేది ఏముంది? వాసనొచ్చి ఊరంతా చెప్తది. ముందు తెలియాలి. ఆదివారం మాంసం కొట్టు దగ్గరిది, రంజాన్ నెలైతే మసీదు వీధిది. మంచి ముహూర్తాలుంటే కల్యాణ మండపం పక్కది పొద్దున తీసినా సాయంత్రానికి పొంగుద్ది. మీ మిషను, నిండిందని చెప్తది. రేపు నిండుద్దని చెప్తదా తల్లీ?"

ఉషశ్రీ కరిముల్లా వైపు తిరిగింది. "నిజమేనాండీ? ఇంతసేపు చెప్పారు, ఈవిడ మాటే ఎత్తలేదు."

అందరి చూపూ ఆయన మీదే. ఎంత పెద్ద అడ్డం వచ్చినా దాని మీద నుంచి ఇంకో కోత కోసి అవతలికి దూకగల మనిషి. బొమ్మే ఫోను చేసిందనగలడు. రాకెట్టు వాళ్ళే కలిపిచ్చారనగలడు. ఆ మాటే వస్తుందని ముస్తాక్ ముందే నవ్వు సిద్ధం చేసుకున్నాడు.

కరిముల్లా టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఎత్తితే నాకేం మిగులుద్ది మేడమ్?" అన్నాడు. గొంతు ఎప్పటి గొంతు కాదు. "బొమ్మా లేదు, సిగ్నలూ లేదు. ఎండనకా వాననకా తిరిగింది ఆమె. నిండిందని చెప్పింది ఆమె. నేను బండి తోలా. దానికి కార్పొరేషనోళ్ళు సభ పెట్టి శాలువా కప్పారు నాకు. ఆ రోజు చెప్పాల్సింది. నోరు రాలేదు. ఆ తర్వాత ఇంకెప్పుడూ రాలేదు. ఈ ఆడవాళ్ళని తీసేస్తే మీ సెన్సార్లు ఏం చేస్తాయో నాకు తెలీదు గాని, ఆ రోజుల్లో ఆమె లేకపోతే నా ట్రాక్టరు కదిలేది కాదు. ఇది రాసుకోండి."

ఉషశ్రీ మూత తెరిచి ఒక మీట నొక్కి పట్టుకుంది. తెర మీద అక్షరాలు వరసగా చెరిగిపోతుంటే బడ్డీలో అందరూ అటే చూస్తూ ఉండిపోయారు. అంతా చెరిపాక వేళ్ళు మీటల మీద పెట్టి, "మీ పేరు చెప్పండమ్మా" అంది.

అమలమ్మ నోరు తెరిచేలోపే బల్ల మీద నుంచి జవాబొచ్చింది.

"అమలమ్మ గారు" అన్నాడు కరిముల్లా.

ఆ సందులో ఇన్నేళ్ళలో ఆ పేరుకి గారు తగిలించి పిలిచినవాళ్ళు లేరు.