ఎర్రయ్య ఇంట్లో స్లీపర్లు

ఆగాగు సౌమ్యా, ఆ ఏసిడ్ సీసా కింద పెట్టు. పొద్దున్నించీ గరగర గరగర, ఏటి గోకుతున్నావో గానీ గోడవతల నా పళ్ళు జివ్వుమంటున్నాయి. అచ్ఛా, ఈ తెల్ల గీతలా? అవి పోవు తల్లీ. రైల్వే పెయింటు, అందులోనూ మా ఆయన చేత్తో వేసిన పెయింటు. నీకు ముందున్న బెంగాలీ వాళ్ళు గోకి గోకి వదిలీసారు. వాళ్ళకి ముందున్నోళ్ళు పైన చాప పరిచీసారు. మంచం దగ్గర్నించి గుమ్మం దాకా, గుమ్మం దగ్గర్నించి బాత్రూం దాకా, నేల మీద అడ్డంగా ఒకదాని తరవాత ఒకటి ఈ గీతలేటని ఒక్కరూ అడగలేదు. నువ్వడిగావు, కూచో మరి. కుక్కర్ పెట్టావా? కూతలొచ్చేదాకా చెప్తాను. టీ ఎందుకు, వద్దు. పెడతానంటే మరి కాదనను, పంచదార తక్కువ.

ఈ క్వార్టరు ఎర్రయ్యది. కీమేన్ ఎర్రయ్య. కీమేన్ అంటే నీకేటి తెలుస్తాది, మీ ప్రతాప్ చల్లటి గదిలో కంప్యూటర్ ముందు డ్యూటీ. కీమేన్ అంటే రోజూ తన వంతు లైనంతా కాలినడకన తిరగాలి. పట్టాని, దాని కింద అడ్డంగా పరిచే స్లీపరు దుంగకి పట్టి ఉంచే తాళాలుంటాయి కదా, అవి వదులైతే సుత్తితో కొట్టి బిగించాలి. భుజం మీద సుత్తి, చంకలో ఎర్రజెండా పచ్చజెండా. మనలాగే ఈ బిలాస్‌పూర్ వలసొచ్చినోళ్ళే, వాళ్ళది టెక్కలి దగ్గర పల్లె. తాత లైను బాగుచేసే గ్యాంగులోనే, నాన్న గ్యాంగులోనే. మా ఆయన ఆ గ్యాంగుకి మేటు, అంటే అందరి మీదా పెద్ద. ఎర్రయ్య భార్య కనకం. నాకు వరసకేమీ కాదు గానీ వదినా అనేదాన్ని. ఒక కుళాయి దగ్గర ముప్పై ఏళ్ళు బిందెలు పట్టిన వాళ్ళం, అంతకంటే చుట్టరికం ఏటుంటాది.

ఎక్కడ మొదలైందంటావా? ఎండుచేపల దగ్గర. నవ్వకు, నిజం. కనకం వదిన పొయ్యి మీద ఎండు మెత్తళ్ళు పెట్టి కుళాయికొచ్చీసింది. అవి మాడి, ఈ క్వార్టర్ల వరసంతా ముక్కులు మూసుకొని పరిగెత్తుకొచ్చాం. ఈ మహానుభావుడు పొయ్యికి మూడు గజాల దూరంలో కూచొని రేడియో వింటున్నాడు. పొగ కళ్ళల్లో పడితే గానీ తెలీలేదు, వాసనే రాలేదంట. 'ఇల్లు తగలబడితే ఈయనకి ఎవరిచేతైనా కబురు పంపించాలి' అంది కనకం. పడీ పడీ నవ్వాం. తరవాతెప్పుడో పెద్దాసుపత్రి డాక్టరు చెప్పాడు, ఈ జబ్బు చాలామందికి చెయ్యి వణకడానికి ఏళ్ళ ముందే ముక్కుని పట్టుకుంటాదని. మెత్తళ్ళు మాడితే మెదడులో జబ్బని ఎవడనుకుంటాడు, చెప్పు?

తరవాత మొహం. మా అమ్మాయి రాజశ్రీ పెళ్ళికొచ్చి చెక్కబొమ్మలా కూచున్నాడు. నవ్వడు, కనుబొమ్మ ఎగరెయ్యడు, రెప్ప కూడా తీరుబడిగా వేస్తాడు. మా పెద్దబావ మాటిమాటికీ వచ్చి 'ఏటీయన, పప్పులో ఉప్పు చాల్లేదా?' అని అడగడం. పాపం, ఎర్రయ్యకి లోపల సంతోషమే, మొహం దాకా వచ్చీది కాదు. ఆ పైన గొంతు చిన్నదైపోయింది. ఆ పైన చేతిరాత. కీమేన్ రోజూ డైరీ రాయాలి కదా, మొదటి మాట బాగానే ఉండీది, పేజీ చివరికొచ్చేసరికి చీమలు బారు తీరినట్టు. 'రేపట్నించి దీంతోపాటు భూతద్దం కూడా పంపించు' అన్నాడంట ఇనస్పెక్టరు సాయెబు. ఆఖరున చెయ్యి. బొటనవేలూ చూపుడువేలూ రాసుకుంటూ, అచ్చం బీడీ చుడుతున్నట్టే. జన్మలో బీడీ ముట్టనోడు! అదీ ఎప్పుడు, చెయ్యి ఒళ్ళో ఖాళీగా ఉన్నప్పుడు. సుత్తి పట్టుకుంటే నిమ్మళం. పనిలో ఉంటే కుదురు, ఖాళీగా ఉంటే వణుకు. మా గ్యాంగులో మిగతా అందరికీ ఉల్టా, పని చెప్తేనే వణుకు. అందుకే అది జబ్బని ఎవరికీ తట్టలేదు. మహువా, అదే మన ఇప్పసారా, తాగుతున్నాడన్నారు. కనకం వదిన రోజూ సాయంత్రం మొగుడి నోరు వాసన చూసీది. ఆయన బుద్ధిగా నోరు తెరిచీవాడు. 'నువ్వైనా చూసి చెప్పు, నాకైతే ఏ వాసనా తెలీడం లేదు' అనీవాడంట. అది వేళాకోళం అనుకొని ఇంకా మండిపడీది.

అసలు సంగతి గుమ్మం దగ్గర. ఆ గుమ్మమే, నువ్వు చెప్పులు విప్పిన చోటు. డ్యూటీ దిగి వచ్చి అక్కడ నించుండిపోయేవాడు. అడుగు పడదు. కాళ్ళు నేలకి మేకులు కొట్టినట్టు. పైన మనిషి ముందుకి వంగుతాడు, కింద పాదాలు రావు. మన వైపు కొత్త జంట ఇంట్లోకొచ్చినప్పుడు గుమ్మంలో ఆపి పేర్లు చెప్పించరూ? మీకూ చెప్పించారా? నువ్వు 'ప్రతాప్' అని టకామని చెప్పీసుంటావులే, ఈ కాలం పిల్లవి. మేం అదే పట్టుకున్నాం. 'పేరు చెప్పు బావా, పేరు చెప్తే గానీ లోపలికి రానివ్వం' అని వరసంతా వేళాకోళం. ఆయన ఆ చిన్న గొంతుతో 'కనకం' అనీవాడు. మేం మళ్ళీ నవ్వు. ఆఖరికి కనకం వచ్చి చెయ్యి పట్టి లాగితే లోపల పడీవాడు. అప్పుడే తేలిక డ్యూటీకి అర్జీ పెట్టుకున్నాడు, నడక కుదరడం లేదు సాబ్, ఎక్కడైనా కూచోబెట్టండి అని.

ఇక్కడొచ్చాను నేను. నేనేటి చేసాననకు, కుళాయి దగ్గర ఒక మాటన్నాను, అంతే. సిర్గిట్టి వైపు మా చెల్లెలింటికి వెళ్తూ లైను దాటడానికి ఆగాను. చూద్దును గదా, ఎర్రయ్య! భుజాన సుత్తి, స్లీపరు మీంచి స్లీపరు మీదకి టక్ టక్ టక్ టక్, ఇరవయ్యేళ్ళ కుర్రాడు నడిచినట్టు నడిచి వస్తున్నాడు. నేను నోరు తెరుచుకొని నించున్నాను. మర్నాడు కుళాయి దగ్గర నడిచి మరీ చూపించాను. బిందె భుజాన పెట్టుకొని, టక్ టక్ టక్ టక్. 'ఇంట్లో గుమ్మం దాటలేడు, లైను మీద మెయిలు బండి!' ఓలమ్మో, ఎంత నవ్వారనీ. ఇంటికొచ్చి మా ఆయనకీ చెప్పాను. మా ఆయన సాయెబు చెవిన వేసాడు. సాయెబు ఊరుకుంటాడా, స్వయంగా లైను మీదకొచ్చి, 'ఎర్రయ్యా, చల్ కే దిఖావో, నడిచి చూపించు' అన్నాడు. అందరూ చూస్తూ నించున్నారు. ఎర్రయ్య నడిచాడు. అదే ఆయన చేసిన తప్పు. ఒక్కసారి తట్టుకొని పడుంటే బతికిపోయీవాడు. రోజూ నడిచిన స్లీపర్లాయె, అమాయకుడు, ఇంకా బాగా నడిచాడు. వెళ్ళమన్నంత దూరం వెళ్ళి, అడక్కుండానే తిరిగి కూడా వచ్చాడు. సాయెబు అక్కడికక్కడే అర్జీ మీద అడ్డంగా గీకి, తేలిక డ్యూటీ లేదు పొమ్మన్నాడు. 'పైడిరాజూ, నాకూ తెలీదురా' అన్నాడంట ఎర్రయ్య మా ఆయనతో. 'లైను మీద కాళ్ళు నావి. ఇంట్లో ఎవరివో.' మా ఆయన ఇంటికొచ్చి ఆ మాట కూడా చెప్పి నవ్వాడు.

ఊరు నవ్వితే నవ్వింది, అదంతా నాటకమని కనకం కూడా నమ్మీసింది. అదీ ఎర్రయ్యకి తగిలిన దెబ్బ. పదకొండు రోజులు వాకిట్లో ముగ్గు లేదు. మన వరసలో ముగ్గు లేని వాకిలంటే ఏటో ఒకటి జరిగిందని లెక్క, అందరూ చూసుకుంటూ వెళ్ళేవారు. పదకొండో రోజు సాయంత్రం ఎర్రయ్య డ్యూటీ దిగి వచ్చి గుమ్మంలో ఆగిపోయాడు. కనకం లోపల కూచొని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. లేవలేదు. 'రా, నడిచి రా. సాయెబుకి చూపించావు కదా, కట్టుకున్నదాన్ని నాకూ చూపించు' అంది. లోకల్ బండి వెళ్ళింది. బొగ్గు గూడ్సు ఒకటి వెళ్ళింది, దాని వెనక ఇంకోటి. ఆయన అక్కడే. కాసేపటికి పంట్లాం తడిసిపోయింది తల్లీ. అంత మగాడు, వీధి వైపు వీపు పెట్టి. కనకం అప్పుడు లేచింది. వచ్చి మొహం చూసింది. మొహంలో ఏడుపు లేదు, ఒక్క గీత కదల్లేదు, రెండు కళ్ళల్లోంచీ నీళ్ళు మాత్రం కారిపోతున్నాయి. నాటకం ఆడీవాడైతే మొహంతో ఏడుస్తాడు కదా. నేను నా గుమ్మంలోంచి చూస్తున్నాను. ఏటి చేసానా? తలుపేసుకున్నాను.

మర్నాడు పొద్దున్న ముగ్గు వేసింది కనకం. ముగ్గంటే ముగ్గా అది? చెయ్యి కుదరక, మనసు కుదరక, వాకిట్లోంచి గుమ్మం దాకా అడ్డంగా ఓ నాలుగు గీతలు లాగీసింది. ఎర్రయ్య కుళాయి దగ్గర మొహం కడుక్కొని వచ్చి ఆ గీతల్ని చూసాడు. ఒకటి దాటాడు, రెండు, మూడు, నాలుగు, టక్ టక్ మని లోపలికెళ్ళిపోయాడు! కనకం చేతిలో ముగ్గు చిప్ప అలాగే ఉండిపోయింది. అదీ తెలివైంది, చదువు లేదు గానీ. ఇంకేటీ మాట్లాడకుండా లోపలికెళ్ళి గదిలో గీతలు లాగడం మొదలెట్టింది. పొయ్యి దాకా గీస్తే పొయ్యి దాకా వచ్చాడు. మంచం దాకా గీస్తే మంచం దాకా వెళ్ళాడు. పిండి అయిపోయిన చోట ఆగిపోయాడు. 'అచ్ఛా' అన్నాడంట, తనకీ అప్పుడే తెలిసినట్టు.

పెద్దాసుపత్రికి కూడా ముగ్గుపిండి సంచితోనే తీసుకెళ్ళింది. వరండాలో గీతలు లాగుతుంటే ఊడ్చే ఆవిడ చీపురు పట్టుకొని మీదకొచ్చింది. అక్కడొక కుర్ర డాక్టరు ఉండీవాడు, వాడు ఆవిణ్ణి ఆపి, ఇంకో నలుగురు డాక్టర్లని పిలిచి, ఎర్రయ్యని మూడుసార్లు నడిపించాడు. ఈసారి బాగా నడిస్తే తిట్టలేదు. పార్కిన్సన్ అన్నాడు. మెదడు లోపల కదలికల్ని నడిపించే మందులాంటిది ఊరుతుందంట, డోపమైన్ అంటారు. అది ఊరే చోటు ఎండిపోతూ వస్తాదంట. ఎర్రయ్య రైల్వే మనిషని తెలిసి ఆ కుర్రాడు ఎంత బాగా చెప్పాడనీ. 'బండి బాగానే ఉంది, పట్టాలు బాగానే ఉన్నాయి, పచ్చ సిగ్నల్ పడటం లేదు. రోజూ అలవాటుగా వేసే అడుగు మెయిన్ లైను మీద రావాలి, అక్కడ బ్లాక్. గీత కనిపిస్తే కంటి దారిన, పక్కనుండే లూప్ లైనులో వస్తోంది' అన్నాడు. మరి ఇన్నేళ్ళు స్లీపరు మీంచి స్లీపరు మీదకి దాటడమే కదా ఆయన పని! జబ్బు మనిషికి కావలసిన గీతలు డ్యూటీలో ఉన్నాయి, క్వార్టర్లో లేవు. అందుకని ఆయన అబద్ధాలకోరు అయ్యాడు.

ఆ డాక్టరు రాసిచ్చిన కాగితంతో తేలిక డ్యూటీ ఇచ్చారు, సామాన్ల గదిలో. మాత్రలు మాత్రం గడియారం చూసుకొని వెయ్యాలి. మన బిలాస్‌పూర్లో బండి నాలుగు గంటలు లేటొస్తే ఎవరూ అడగరు, ఎర్రయ్య మాత్ర అరగంట లేటైతే మనిషి బిగుసుకుపోయీవాడు. మాత్ర జబ్బుని ఆపదు, నూనె వేసినట్టు కదిలిస్తాది అంతే. ముగ్గేమో రోజూ చెరిగిపోతుంది, కనకానికి నడుము పడిపోయింది. ఒక ఆదివారం మా ఆయన తెల్ల పెయింటు డబ్బా, కుంచె, టేపు పట్టుకొని వెళ్ళాడు. మోకాళ్ళ మీద కూచొని, కొలిచి కొలిచి, లైను మీద స్లీపర్లకి ఎంత ఎడం ఉంటాదో అంత ఎడంలో ఇవిగో, ఇవన్నీ వేసాడు. మంచం మీద కూచున్న ఎర్రయ్య అంటాడూ, 'పైడిరాజూ, ఆ మూడోది అంగుళం తప్పింది, రిపోర్టు రాస్తాను.' మా ఆయన తుడిచి మళ్ళీ వేసాడు. తప్పైపోయింది అనే మాట మా ఆయన నోట ఎప్పుడూ రాలేదు. అంగుళం సరిచేసాడు.

అలా తొమ్మిదేళ్ళు నడిచాడు ఈ ఇంట్లో. పోను పోను మాత్ర పనిచేసే గంటలు తగ్గాయి, గీతలు చూసినా కాలు లేచీది కాదు, చివర్న మింగడం కూడా గొంతుకి కష్టమైపోయింది. ఓ వర్షాకాలం పోయాడు. క్వార్టరు ఖాళీ చెయ్యాల్సిన రోజు కనకం గోడలు కడిగింది, గిన్నెలు కట్టింది, వీటి జోలికి పోలేదు. ఆటో వచ్చీసింది. నన్ను పిలిచింది. ఆ కుళాయి మాట నాదేనని ఆవిడకి తెలుసని నాకు తెలుసు, ఇన్నేళ్ళలో ఇద్దరం ఎత్తలేదు. ఇప్పుడు కడిగీస్తాదనుకున్నాను. కడిగినా బాగుండేది. అదిగో, ఆ గుమ్మంలో నించొని అడిగింది. 'అసిరీ, ఆ రోజు లైను మీద ఆయన్ని చూసావు కదా. కుర్రాడిలా నడిచాడన్నావంట. నేనెప్పుడూ చూడలేదే. ఎలా నడిచాడో ఒక్కసారి నడిచి చూపించవూ?' అని.

కుళాయి దగ్గర ఎన్నిసార్లు చూపించానో, ఒకరడిగితే ఇద్దరికి. ఆ రోజు మాత్రం... అదే చోట, నా కాళ్ళ ముందే ఇన్ని గీతలుండి, ఒక్క అడుగు...

కూత వచ్చినట్టుంది, లే. అది మూడోదా, నాలుగోదా? పప్పు ముద్దైపోతాది, వెళ్ళి స్టవ్ కట్టీ.