కిటికీలో నిలబడ్డ నీళ్ళు

ఫ్రేముల బాబాయికి ఉన్నది ఒకటే కోరిక. తను మాట్లాడుతుంటే ఎవరూ లేచి వెళ్ళిపోకూడదు. ఆ కోరిక తీరే చోటు టీ కొట్టు. అదీ ఎక్కడో కాదు, సరిగ్గా ఆయన కాళ్ళ కిందే. కింద ముందు గదిలో టీ కొట్టు, వెనక వాటాలో ఇంటి ఓనరమ్మ, మేడ మీద బాబాయీ, పిన్నీ. ఫోటోలకి ఫ్రేములు కట్టగా మిగిలిన అద్దాల ముక్కలన్నీ బాబాయి మేడ మీదకి మోసుకుపోయి, జిగురుతో అతికించి, తొట్లు చేసి చేపలు పెంచేవాడు. టీ కొట్టు నెత్తిన ఉన్న గది నిండా అవే.

పోయిన నెల ఆ గదిలోంచి నీళ్ళు కారి కొట్లో చక్కెర డబ్బాలో పడ్డాయి. చక్కెరంతా పాకమైంది. ఓనరమ్మ మెట్లెక్కి వచ్చి ఒకటే మాట చెప్పింది.

"ఇంకొక్క చుక్క కింద పడిందా, ఆ తొట్లన్నీ ఆ రోజే దించెయ్యాలి. నాకు సంజాయిషీలు వద్దు."

ఆవిడ అన్నదంటే అన్నట్టే. ఆ రాత్రి బాబాయికి అన్నం సహించలేదు.

ఇక అసలు సంగతి. ఆ రోజు మధ్యాహ్నం బాబాయి తొట్లో పాత నీళ్ళు కొంత తీసే పని పెట్టుకున్నాడు. వారానికోసారి తప్పని పని. పైపు ఒక కొస తొట్లో ముంచి, రెండో కొస నోటితో పీల్చి బకెట్లో వదిలితే నీళ్ళు వాటంతట అవే దిగుతాయి. సన్న పైపు, తీరిగ్గా దిగుతాయి. చెల్లెలింటికి బయల్దేరిన పిన్ని గుమ్మంలో ఆగి మరీ చెప్పింది.

"బకెట్ నిండేదాకా కదలకండి."

"నేనేమన్నా చిన్నపిల్లాణ్ణా?" అన్నాడు బాబాయి.

అన్నాడు, కాసేపు కూర్చున్నాడు కూడా. ఇంతలో కింద కొట్లోంచి టైలరు గొంతు తేలి వచ్చింది. "చేపలు పెంచడం ఏముందండీ, నీళ్ళు పోసి గింజలు వెయ్యడమేగా!"

ఇక ఆగుతాడా మనిషి? "ఒక్క మాట చెప్పి వచ్చేస్తా" అని ఆ మాట చేపలకే చెప్పి, చెప్పుల్లో కాళ్ళు దూర్చి గబగబా దిగాడు.

కొట్లో టైలరు, కాంపౌండరు బెంచీ మీద ఉన్నారు. ఓనరమ్మ తన స్టూలు వేసుకుని మధ్యాహ్నం టీ చల్లార్చుకుంటోంది. బాబాయి బెంచీ మధ్యలోకి జరిగి కూర్చున్నాడు.

"ఏమయ్యా టైలరూ, గుడ్డకి రెండు చేతులు తగిలిస్తే చొక్కా అయిపోతుందా? అసలు మొదట చేపలే లేవు, తెలుసా? తొట్టి కట్టి, ఇసుక కడిగి, నీళ్ళు నింపి, గాలి మోటారు పెట్టి ఊరికే వదిలేశా. నీళ్ళు ముదరాలి మరి! కంటికి కనపడని పురుగులు పుట్టి, ఆ ఫిల్టరు స్పాంజిలో కాపురం పెట్టాలి. అవి కుదురుకుంటేనే చేప బతుకుతుంది. ఖాళీ నీళ్ళ ముందు కుర్చీ వేసుకుని కూర్చునేవాణ్ణి. మీ పిన్ని మా అత్తగారికి ఫోన్ చేసి, ఈయనకేదో అయిందని ఏడ్చింది."

"అది మాత్రం నిజం," అన్నాడు కాంపౌండరు. "దీనికి మందుందా అని నన్నూ అడిగింది."

"ఒక రోజు చూద్దును కదా, ఆ నీళ్ళు... ఎలా చెప్పను... పసిపిల్ల నిద్ర లేచి కళ్ళు తెరిచినట్టు తేటపడ్డాయి. అప్పుడు తెచ్చా రెండు గప్పీ చేపలు. తెచ్చిన కవరు తెచ్చినట్టే నీళ్ళ మీద తేలనిచ్చి, ఆ నీళ్ళకి ఈ నీళ్ళు అలవాటు చేసి, కొత్త కోడల్ని తెచ్చుకున్నట్టు లోపలికి తెచ్చుకున్నా. అవి ఊరుకుంటాయా? పిల్లలు, పిల్లలకి పిల్లలు. తొట్టి పక్కన తొట్టి, తొట్టి మీద తొట్టి, ఇక గోడన్నది కనపడితే ఒట్టు. గాలి మోటార్లన్నీ కలిసి ఒకటే జోల. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది?"

"మేడెక్కినవాడు ఎక్కినట్టే నిద్రపోవడం మొదలెట్టాడు. గ్యాస్ బండ తెచ్చినతను, బండ భుజాన ఉండగానే గుమ్మంలో నిలబడి నిద్రపోయాడు. లేపబోతే, 'కాసేపాగండి సార్, మా అమ్మ కనపడుతోంది' అన్నాడు."

టీ మాస్టరు పాలు తిరగబోస్తున్నవాడు ఆగిపోయాడు. ఓనరమ్మ టీ ఊదడం మర్చిపోయింది. బాబాయి అది చూశాడు. చూశాక ఇక ఆకాశంలోంచి కిందికి దిగుతాడా!

"అద్దం నాకే చేప ఒకటుంది, నల్లది. నా కళ్ళజోడు నీళ్ళలో పడితే ఒక పూటంతా నాకి ఇచ్చింది. పెట్టుకుని చూస్తే ఎదురింటి గోడ అవతల ఉన్నది కూడా కనపడింది!"

"ఏముంది అవతల?" అన్నాడు టైలరు ముందుకి వంగి.

"ఇంకో గోడ."

కాంపౌండరు కిసుక్కున నవ్వాడు. బాబాయి నవ్వలేదు. ఆయన కళ్ళు సగం మూతలు పడ్డాయి. తను చెప్పేది తనకే కనపడుతున్నప్పుడు అలా పడతాయి.

"అప్పుడనిపించింది, ఇన్ని తొట్లెందుకు, గదే తొట్టి అయితే పోలా? తలుపు సందులకి జిగురు పట్టించి నీళ్ళు వదిలా. కుళాయి నీళ్ళు కాదు సుమా, మందు వాసన పోయేదాకా డ్రముల్లో నిలవబెట్టినవి. మోకాళ్ళు, నడుము, మెడ, ఆపైన నెత్తి మీంచి... మరి ఊపిరి ఎలా అని అడగరేం?"

"అడుగుదామనే..."

"గాలి మోటారు గొట్టం పంటి కింద పెట్టుకున్నా. మంచం మెల్లగా లేచి తేలింది. ఫ్యాను నీళ్ళలోనే తిరుగుతోంది, చల్లగా."

"కరెంటు కొట్టదూ?" అన్నాడు కాంపౌండరు.

"కొట్టింది. చేపకి. ఆ చేప ఇప్పటికీ మెరుస్తూనే ఉంది. నేను పడుకుని పేపరు చదువుతుంటే, పేజీ అయిపోగానే ఏంజెల్ చేప వచ్చి మూతితో తిప్పేది. నాకంటే ముందే చదివేసేది, వెధవది, ఆగేది కాదు. అలా ఉండగా, ఎండ లోపలికి రానిద్దామని కిటికీ తీశా. నీళ్ళు బయటికి దూకాయనుకున్నారా? లేదు! చట్రంలో అద్దం బిగించినట్టు నిలబడ్డాయి. ఒక్క చుక్క జారలేదు. ఫ్రేములు కట్టేవాడి కిటికీ కదా, మర్యాద తెలుసు వాటికి. చేపలు మాత్రం తలా కాస్త నీళ్ళు ఒంటికి చుట్టుకుని, ఒకదాని వెనక ఒకటి వీధిలోకి వెళ్ళిపోయాయి. కరెంటు తీగల మీంచి, బస్సు అద్దాల పక్కనుంచి, ఆరేసిన చీరల మధ్యలోంచి. వీధంతా నీలంగా అయిపోయింది. అరిచేవాడు అరవడం మానేశాడు. హారన్ కొట్టేవాడు కూడా మెల్లగా, బతిమాలినట్టు కొట్టాడు..."

కొట్లో ఎవరూ కదల్లేదు. స్టవ్ మంట చప్పుడొక్కటే.

టప్.

"అదిగో," అన్నాడు బాబాయి కళ్ళు తెరవకుండానే. "సరిగ్గా ఆ చప్పుడే. చేప తోక విదిలిస్తే..."

టప్.

"కిటికీలో నీళ్ళు నిలబడ్డాయన్నావు కదయ్యా," అంది ఓనరమ్మ, చాలా నెమ్మదిగా.

"నిలబడ్డాయి అక్కయ్యగారూ."

"ఒక్క చుక్క జారలేదన్నావు."

"ఒక్క చుక్కంటే ఒక్క చుక్క!"

ఆవిడ గ్లాసు ముందుకి చాపింది. అందరూ చూస్తుండగా మూడో చుక్క వచ్చి అందులో పడింది. "మరి నా టీలో ఈదుతున్నదేమిటి? పైన బకెట్ చూసుకునే వచ్చావా?"

బాబాయి బెంచీ మీంచి ఒక్క గెంతు గెంతాడు. తర్వాత మెట్ల మీద చెప్పులొక చోట, మనిషొక చోట. వెనకే ఓనరమ్మ, టైలరు, కాంపౌండరు, చేతిలో గుడ్డతో టీ మాస్టరు.

తలుపు తీసి ఉంది. బకెట్ ఎప్పుడో నిండి పొర్లింది. తొట్లో నీళ్ళు సగానికి దిగి, పైపు కొస గాల్లోకి తేలాక వాటంతట అవే ఆగాయి. ఏంజెల్ చేపలు అడుగున ఒక మూలకి చేరి, ఏం మనిషివయ్యా అన్నట్టు చూస్తున్నాయి. గది నేలంతా పలచగా నీళ్ళు. ఆ నీళ్ళలో కిటికీ ఎండ పడి, తొట్లన్నిటి నీడలూ నేలలోనూ పైకప్పు మీదా కదులుతున్నాయి. గోడల మీద చేపలు, నేలలో చేపలు, నిలబడ్డవాళ్ళ బట్టల మీద కూడా చేపలు. మోటార్లు జోల పాడుతూనే ఉన్నాయి.

ఓనరమ్మ చీర కుచ్చిళ్ళు పైకెత్తి పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయింది. బాబాయి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. సంజాయిషీ వద్దన్న మనిషి ముందు ఏం చెప్తాడు?

గోడల మీద కదిలే చేపల్ని ఒక చుట్టు చూసి ఆవిడే అంది. "నువ్వు చెప్పింది నేననుకున్నంత కోత కాదన్నమాట."

"అక్కయ్యగారూ, తొట్లు..."

"ఉండనీ. కానీ పైపులో నీళ్ళు నడిచినంతసేపూ నువ్విక్కడే కూర్చోవాలి. పైపు చేత్తో పట్టుకోవాలి. నోరు మెదపకూడదు. నీకు నోరు నడిస్తే ఇంకేదీ గుర్తుండదు."

చివరి షరతు వినగానే బాబాయి మొహం తొట్లు దించమన్నప్పటికంటే ఎక్కువ పాలిపోయింది. అయినా తలూపాడు. అందరూ కలిసి నేల తుడిచారు.

మరుసటి వారం నీళ్ళు తీసే వేళకి ఓనరమ్మ టీ గ్లాసుతో మేడెక్కింది. వెనక టైలరు, కాంపౌండరు. బాబాయి పైపు పట్టుకుని, పెదాలు బిగించుకుని కూర్చున్నాడు. ఆవిడ తొట్టి ముందు కుర్చీలో స్థిమితపడి, అద్దానికి దగ్గరగా వంగింది.

"ఇందులో పేపరు తిప్పేది ఏదయ్యా?"

బాబాయి గొంతులో మాట పైకి వచ్చింది. బుగ్గలు ఉబ్బాయి. పైపు వంక చూశాడు. నీళ్ళు ఇంకా నడుస్తున్నాయి. మాట మింగేసి, వేలు ఎత్తి, రెండో వరసలో మూడో తొట్లో, నాచు వెనక దాక్కున్న ఒక ఏంజెల్ చేపని చూపించాడు.