పట్టని క్లచ్చు

వనపర్తి నుంచి పాన్‌గల్ వెళ్లే దారిలో కారు నడుస్తోంది. స్టీరింగు దగ్గర మెకానిక్ అఫ్జల్. పక్కన కారు యజమాని, ముప్పై ఏళ్లు లారీ తోలిన దానియేలు. వెనక సీట్లో ఆయన భార్య శాంతమ్మ.

“చూసినవా మామా, అరవై దాటింది. ఇగ చెవు పెట్టు. ఆఁ, క్లచ్ పట్టుకుంది! మోత తగ్గింది, ఇన్నవా?”

“నువ్వు తోల్తే పట్టుకుంటది అఫ్జలూ. నేను తోల్తే పట్టుకోదు. పొద్దటి సంది అదే కదా మొత్తుకుంటున్న.”

“బండికి గూడ మొకం చూసే బుద్ధి ఉన్నట్టుంది.”

“నువ్వు ఊకో శాంతా.”

“మామ మొకం చూస్తే నేనైనా ఇడ్సిపెడ్త అత్తా.”

“పరాచికాలు కాదురా. ఇంతకుముందు చూపిచ్చిన మెకానిక్ ఏమన్నడో తెల్సా? గేరుబాక్సు దించాలె, కన్వర్టర్ మార్చాలె, పది రోజులు బండి ఆడనే ఉండాలె అన్నడు. సోమ, బుధ, శుక్ర, వారానికి మూడు సార్లు ఈమెకు డయాలసిస్. పది రోజులు బండి లేకపోతే దవాఖానకు ఎట్ల తీస్కపోవాలె?”

“ఆటోల పోత.”

“ఆటోల పోతవా? వచ్చేటప్పుడు తల ఎత్తనీకి శాతగాదు నీకు. గేరు మార్చినప్పుడల్లా ఆ కుదుపుకు కడుపుల తిప్పుతదనే కదా, ఉన్న బండి అమ్మి ఈ గేర్లు మార్చే పని లేని బండి కొన్నది.”

“అది మాత్రం నిజం అఫ్జల్. మీ మామ తోల్తే గిలాసల నీళ్లు గూడ తొణకయి. వేరేటోళ్ల బండెక్కితే నాకు పానం పోయినంత పనైతది.”

“అబ్బో! ఈ మాట ఇంట్ల గూడ అంటవా అత్తా?”

“ఇంట్ల అంటే నెత్తికెక్కుతడు.”

“సరే మామా, నేను ఆయిలు గూడ తీసి చూసిన. నల్లవడలే, మాడు వాసన లేదు. క్లచ్ అరిగితే బండి వణకాలె, వణుకు గూడ లేదు. బండి పక్కకు ఆపిన, ఇగ నువ్వు తోలు. నేను పక్కన కూసోని ఫోన్‌ల చూస్త. బండి లోపలి సంగతులన్నీ దీంట్ల కానొస్తయి.”

“ముప్పై ఏండ్లు లారీ తోలిన, ఏ ఫోనూ చూడలే. చెవుతోనే పట్టేటోన్ని.”

“అందుకే ఇప్పుడు గట్టిగ అరిస్తె గాని ఇనవడదు.”

“ప్రభువా, ఈమె నోరు జర ఆపు. జరుగు అఫ్జల్.”

“మెల్లగ పోనియ్యి మామా. నలభై... యాభై... అరవై. ఇగ కాలు అట్లనే ఉంచు.”

“ఏదీ, మోత తగ్గిందా? తగ్గలే! చూసినవా?”

“తగ్గలే. క్లచ్ పట్టుకుంటలేదు.”

“క్లచ్ యాడిది అఫ్జల్ దీనికి? పెడలే లేకపాయె.”

“లోపల ఉంటది అత్తా. ఇంజనుకు, గేరుబాక్సుకు నడుమ ఆయిలు తిరిగే డబ్బా ఒకటి ఉంటది, దాన్నే కన్వర్టర్ అంటరు. దాంట్ల చిన్న క్లచ్. బండి ఒక్క తీరుగ పోతుంటే అది గట్టిగ పట్టుకుంటది, మోత తగ్గుతది. పట్టుకోకపోతే ఆయిలు కాగుతది, డీజిలు తాగుతది.”

“మరి నీకు పట్టుకున్నది ఈయనకెందుకు పట్టుకోదు?”

“అదే చూస్తున్న... మామా, బ్రేకు తొక్కుతున్నవా?”

“ఖాళీ రోడ్డు మీద బ్రేకెందుకు తొక్కుత?”

“బ్రేకు పడ్డదని చూపిస్తుంది ఫోన్‌ల. బ్రేకు జర తాకినా సరే, ఆ క్లచ్ ఇడ్సిపెడ్తది. లేకుంటే బండి ఆపంగనే ఇంజను గూడ ఆగిపోతది.”

“నా కుడికాలు ఎక్సలేటర్ మీదున్నది. ఒక్క కాలుతోని రెండు తొక్కుతనా?”

“ఎడమ కాలో?”

“దానికేం పని? రిటైర్ అయింది.”

“రిటైర్ యాడ! నిద్రల గూడ క్లచ్ తొక్కేటోడు అఫ్జల్. పెండ్లైన కొత్తల ఎన్ని తన్నులు తిన్ననో. ఈ నడుమనే ఆపిండు.”

“నీకు పానం బాగలేదని ఆపిన.”

“ఔ, నిద్రల యాద్ పెట్టుకోని ఆపిండు! మొన్న శుక్రవారమైతే ఎడమ చెప్పు కారుల్నే ఇడ్సి, ఒక్క చెప్పుతోని దవాఖాన్ల కొచ్చిండు. నర్సమ్మ చెప్తే గాని తెల్వలే. నవ్వి నవ్వి సచ్చిన.”

“నీ పరేషాన్ల ఉంటి! మంచం దొర్కుతదో లేదో అని.”

“నా గోలీలు గడియారం చూసి ఇస్తడు. ఆయన షుగర్ గోలీలు మాత్రం డబ్బల అట్లనే ఉంటయి.”

“అఫ్జలూ, ఆమె ముచ్చట ఇనకు, బండి చూడు.”

“పక్కకు ఆపు మామా. ఆ పత్తి చేను కాడ. పార్కింగ్‌ల పెట్టు, ఇంజను బంద్ చెయ్యకు. అత్తా, జర దిగి ఎనక బ్రేకు లైట్లు చూస్తవా? చాతనైతదా?”

“ఇయ్యాల మంగళవారమే కదా. మంచిగనే ఉన్న... అయ్యో, ఎర్రగ వెలుగుతున్నయి అఫ్జల్!”

“మామా, ఎడమ కాలు తియ్యి.”

“తీసిన.”

“అత్తా?”

“వెలుగుతనే ఉన్నయి.”

“మామా, జర కిందికి చూడు.”

“ఏం చూస్తడు, పొట్ట అడ్డమొస్తది ఆయనకు!”

“తీసిన అంటే తీసిన! కాలు సీటు కిందికి జరిపిన. నా మాట మీద నమ్మకం లేదా నీకు? స్విచ్చు అది. బ్రేకు స్విచ్చే ఖరాబైంది. నాకు ముందుగాల్నే అనుమానం.”

“ఉండు మామా. అటు దిక్కొచ్చి, తలుపు తీసి వంగి చూస్త. నువ్వు కదలకు.”

“చూడు, మంచిగ చూడు. పెడల్ మీద ఆడ ఒక వైరు ఉంటది. లారీలల్ల గూడ అంతే. జర కదిలిస్తే చాలు...”

“అత్తా, ఇప్పుడు?”

“ఆరినయి! ఆరినయి అఫ్జల్!”

“నేను చెప్పలే? స్విచ్చే! శాంతా, ఎక్కు, ఎక్కు. వాడు పది రోజులన్నడు, పది నిమిషాలు పట్టలే. రేపు పొద్దుగాల ఆరింటికే బయలెల్తం, కిటికీ కాడి మంచం మనకే దొరుకుతది. నీ చెయ్యి మంచిదిరా అల్లుడా... ఏ వైరు కదిలిచ్చినవ్?”

“వైరేం ముట్టలే మామా. బ్రేకు మీదికెల్లి నీ ఎడమ కాలు నేనే లేపి పక్కన పెట్టిన. నీకు తెల్వనే లేదా?”