గోడవైపు తిరిగిన కుర్చీ

పందొమ్మిది వందల తొంభై ఒకటో సంవత్సరం జూన్ మూడవ తేదీ, సోమవారం ఉదయం, మా బ్యాంకు శాఖలో గుమాస్తాగా ప్రవేశించి, అంచెలంచెలుగా ఎదిగి, మొన్న నెలాఖరున ఆన్‌లైన్ బ్యాంకింగ్ సహాయ విభాగాధిపతిగా పదవీ విరమణ చేసిన మా మేడమ్ గారిని అభినందిస్తూ మన బ్యాంకు పత్రికలో నాలుగు మాటలు వ్రాసే అవకాశం నాకు లభించినందుకు సంతోషిస్తున్నాను. సంతోషిస్తున్నానని వ్రాయడం ఇటువంటి వ్యాసాలలో ఆనవాయితీ. నిజం చెప్పాలంటే, ఈ పని నాకు అప్పగించిన క్షణాన నాకు కలిగినది అసూయ. ఎందుకంటే అదే రోజున, అదే శాఖలో, అదే హోదాలో నేనూ చేరాను. నా బస్సు ఆలస్యంగా వచ్చింది. హాజరు పట్టీలో వారి సంతకం పైన, నాది కింద పడ్డాయి. ఆ వరుస వారు విరమించేదాకా మారలేదు.

మా ఖాతాదారులు వారిని గోడమేడమ్ అంటారు. నన్ను రూల్సు సారు అంటారు. ఈ రెండు పేర్లూ ఎలా వచ్చాయో చెబితే వారి ఉద్యోగ జీవితం దాదాపు చెప్పినట్టే అవుతుంది. నాది కూడా కొంత దొర్లుతుంది, పాఠకులు మన్నించాలి.

తొలి సంవత్సరాలలో మేడమ్ గారు ఖాతాదారుల సంతకాలు సరిచూసే బల్ల వద్ద పనిచేశారు. వణుకుతున్న చేతితో పెట్టిన సంతకం పాతదానితో కలవకపోతే, ఆ వచ్చినవారికి కుర్చీ చూపించి, "కాసేపు కూర్చోండి. చెయ్యి కుదుటపడ్డాక మళ్లీ పెడుదురుగాని" అనేవారు. పక్క బల్ల నాది. నేను "కలవలేదండీ, రేపు రండి" అనేవాణ్ని. నియమం ప్రకారం ఇద్దరమూ సరైనవాళ్లమే. అయితే వారి బల్ల దగ్గరకు మనవరాలి పరీక్ష ఫలితాలూ, మోకాలి ఆపరేషను వివరాలూ, కొత్తగా పుట్టిన బిడ్డ ఫొటోలూ వచ్చేవి. నా బల్ల దగ్గరకు కాగితాలు మాత్రమే వచ్చేవి. ఎవరి మోకాలితోనూ నాకు పని లేదని పైకి అనుకునేవాణ్ని గాని, లోపల ఎక్కడో చురుక్కుమనేది.

తరువాత ఆన్‌లైన్ బ్యాంకింగ్ వచ్చింది. శిక్షణకు మా ఇద్దరినీ పంపారు. చివరి పరీక్షలో ప్రథమ స్థానం నాది. ఈ ఒక్క వాక్యాన్ని ఈ సంచికలో అచ్చు వేయించాలని నాకు చాలాకాలంగా కోరిక, తీరింది. తిరిగి వచ్చాక కొత్త విభాగం తెరిచారు, మేడమ్ గారిని దానికి అధిపతిని చేశారు. నేను ముఖం మాడ్చుకుని మేనేజరు గారి గదిలోకి వెళ్లాను.

"చూడండి సార్, మీకు సిస్టం బాగా తెలుసు. ఆవిడకి జనం బాగా తెలుసు. ఇది జనంతో పని," అన్నారు ఆయన.

తలుపు ధడాలున వేయాలనిపించింది. అయినా తలుపు చప్పుడు కాకుండా వేసి వచ్చాను.

హాలుకు కుడివైపు మూలన రెండు కౌంటర్లు మాకు ఇచ్చారు. ఒక్కొక్క దానిపై ఒక కంప్యూటరు, ఖాతాదారుకు అందేలా ఒక కీబోర్డు, మా వెనుక లేత ఆకుపచ్చ రంగు గోడ, ఆ గోడకు ఎవరూ తీయని పాత క్యాలెండరు. నేను వారం రోజులు కూర్చుని ఒక పెద్ద పోస్టరు తయారుచేశాను. పాస్‌వర్డులో పుట్టిన తేదీ ఉండరాదు, పిల్లల పేర్లు ఉండరాదు, దానిని ఎక్కడా వ్రాయరాదు, ఫోనుకు వచ్చే ఓటీపీని ఎవరికీ చెప్పరాదు. ఇలా ఎన్నో 'రాదు'లు అందంగా వరుస కట్టి ఉండేవి. దాని కింద నిలబడి జనం గొడుగులు దులుపుకునేవారు.

ఆ కౌంటరుకు వచ్చిన తొలి ఖాతాదారు వీధి చివర ఇస్త్రీ దుకాణం నడిపే పెద్దాయన. పాస్‌వర్డు పెట్టుకోమంటే ఒక్క వేలితో మీటలు వెతుక్కుంటూ, ఒక్కొక్క అక్షరాన్నీ పైకి చదువుతూ కొట్టసాగారు. హాలంతటికీ వినిపిస్తోంది.

"పెద్దాయనా, పైకి అనకండి," అన్నారు మేడమ్ గారు.

"అనకపోతే వేలు దారి తప్పుతుందమ్మా."

మేడమ్ గారు ఒక్క క్షణం ఆలోచించి, తమ కుర్చీని గిర్రున తిప్పి గోడకు ఎదురుగా కూర్చున్నారు. "సరే, నేను అటు తిరిగా. కొత్తది పెట్టుకోండి. మనసులో అనుకుంటూ నిదానంగా కొట్టండి. అయ్యాక పిలవండి."

"నువ్వు చూస్తే ఏమవుతుందమ్మా? బ్యాంకుదానివేగా!"

"బ్యాంకుదాన్ని కాబట్టే చూడకూడదు."

ఆయన చాలాసేపు తంటాలు పడ్డారు. మేడమ్ గారు అంతసేపూ క్యాలెండరును చూస్తూనే ఉన్నారు. పక్క కౌంటరులో నేను ఇదేదో నాటకంలా ఉందని నవ్వుకున్నాను. ఉద్యోగి చూడరాదని నియమం ఉన్నమాట నిజమే, అందుకు నేను చూపు దించుకునేవాణ్ని. కాని దించుకున్న చూపు ఎటు పోతోందో అవతలివారికి ఎలా తెలుస్తుంది? ఇంత చిన్న సంగతి నాకు తట్టలేదు, వారికి తట్టింది. ఓర్వలేకపోవడానికి ఇంతకన్నా కారణం ఏం కావాలి?

నెల తిరిగేసరికి వారి కౌంటరు ముందు కూర్చోవడానికి చోటు లేదు. నేను ఈగలు తోలుకుంటూ ఉండేవాణ్ని. నా కౌంటరుకు టోకెను పడినవారు దానిని పక్కవారికి ఇచ్చేసి, "తొందరేం లేదు, మేడమ్ దగ్గరే చేయించుకుంటాం" అని మళ్లీ వెనక్కి వెళ్లి కూర్చునేవారు. కొంతకాలానికి ఈ పద్ధతి ప్రధాన కార్యాలయానికి తెలిసింది. ఖాతాదారు పాస్‌వర్డు పెట్టుకునే వేళ ఉద్యోగి విధిగా ముఖం తిప్పుకోవాలని అన్ని శాఖలకూ సర్క్యులరు వచ్చింది. దాని ముసాయిదా వ్రాసింది నేనే, పైవారు ఎక్కడా ఒక్క మాట కొట్టివేయలేదు కూడా. అయినా అన్ని శాఖలలోనూ దానిని మేడమ్ పద్ధతి అనే అంటున్నారు. భాష నాది, పేరు వారిది.

ఇక ఆ పద్ధతి విలువ ఏమిటో తెలిసిన రోజు చెప్పాలి. ఇస్త్రీ దుకాణం పెద్దాయనకే ఒకనాడు ఎవడో ఫోను చేసి, బ్యాంకు నుంచి మాట్లాడుతున్నానని, ఖాతా లాక్ అయిపోతోందని, వచ్చిన ఓటీపీ వెంటనే చెప్పమని బెదిరించాడట. పెద్దాయన ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, "మా గోడమేడమే చూడదు, అడగడానికి నువ్వెవడివిరా?" అని ఫోను పెట్టేశారట. ఈ కబురు ఆయనే మా హాలులో నిలబడి అందరికీ చెప్పారు. జనం చప్పట్లు కొట్టారు. మేడమ్ గారు సిగ్గుపడి నీళ్ల సీసా మూత తిప్పుతూ కూర్చున్నారు. పెద్దాయన తల వెనుకనే నా పోస్టరు ఉంది. ఓటీపీ ఎవరికీ చెప్పరాదని దానిలో ఎర్రటి అక్షరాలలో ఉంది. దాన్ని చదివి జాగ్రత్తపడ్డానని ఇన్నేళ్లలో ఒక్కరూ వచ్చి చెప్పలేదు. ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

అయితే నన్ను అసలు తలకొట్టేసినంత పని చేసింది మా ఆవిడ. ఆమె పిల్లలకు సంగీతం నేర్పుతుంది, సొంత ఖాతా ఉంది. ఆన్‌లైన్ సౌకర్యం కావాలని ఒకరోజు బ్యాంకుకు వచ్చింది. టోకెను తీసుకుంది. నన్ను చూసి, బస్సులో పరిచయమైన మనిషిని చూసినట్టు తల ఊపి, వెళ్లి మేడమ్ గారి వరుసలో చివర కూర్చుంది. నా కౌంటరు ఖాళీగా ఉంది. హాలులో అందరికీ ఆమె ఎవరో తెలుసు. నేను స్టేప్లరులో పిన్నులు ఉన్నాయో లేదో పదే పదే చూసుకున్నాను.

సాయంత్రం ఇంట్లో అడిగాను. "అంత క్యూలో ఎందుకు కూర్చున్నావ్? నా కౌంటరు ఖాళీగానే ఉందిగా!"

"మీరు గోడవైపు తిరుగుతారా?"

"నేను నీ మొగుణ్ని!"

"అందుకే."

"నా దగ్గర దాచేదేముంది నీకు?"

"దాచడానికేం లేదండీ. నాదంటూ ఒకటి ఉండాలి కదా. మీరు తిరుగుతారు, కాదనను. కానీ మధ్యలో ఒకసారి ఇటు చూస్తారు, అయిందా లేదా అని. పొయ్యి మీద గిన్నె మూత ఎన్నిసార్లు తీసి చూస్తారో నాకు తెలీదా?"

అప్పుడు నా చేతిలో ఉన్నది గిన్నె మూతే. ఇంట్లో ఉన్న మనిషి నమ్మకం కూడా పక్క కౌంటరుకే వెళ్లిపోయిందన్న బాధ నన్ను చాలాకాలం వదల్లేదు. పరీక్షలో మొదటి స్థానం, ముసాయిదా, పోస్టరు, ఇవేవీ ఆ మాట ముందు నిలబడలేదు. మేడమ్ గారు మాత్రం ఈ విషయం ఎన్నడూ నా వద్ద ఎత్తలేదు. అది వారి సంస్కారం, దానిమీద కూడా నాకు కోపమే వచ్చింది.

వారి కుటుంబం గురించి ఒక్క మాట. వారి భర్త బస్సు డిపోలో మెకానిక్కుగా చేసి విశ్రాంతి తీసుకుంటున్నారు. చివరి రోజున తీసుకువెళ్లడానికి వచ్చినప్పుడు నాతో అన్నారు: "ఇంట్లోనూ ఇదే వరస సార్. నేను ఫోను చేతిలోకి తీసుకుంటే చాలు, ఈవిడ అటు తిరిగిపోతుంది. ముప్పై ఏళ్ల సంసారంలో సగం ఆవిడ జడనే చూశాను." కూతురు పక్కనే నవ్వుతోంది. ఆయన నవ్వులో ఫిర్యాదు లేదు.

ఆ చివరి రోజు సంగతితో ముగిస్తాను. మా బ్యాంకులో ఉద్యోగి విరమించే రోజున వారి సిబ్బంది లాగిన్ రద్దు చేస్తారు. దానితోపాటే వారి సొంత ఖాతా ఆన్‌లైన్ సౌకర్యమూ ఆగిపోతుంది, వారు సామాన్య ఖాతాదారుగా మళ్లీ మొదటినుంచి నమోదు కావాలి. రద్దు చేయవలసిన అధికారిని నేనే. ఎన్నో ఏళ్లు ఏ కుర్చీని చూసి నాకు కళ్లు కుట్టాయో, ఆ కుర్చీ అధికారాలన్నీ ఒక్క మీటతో తీసివేశాను. పండుగలా ఉంటుందనుకున్నాను, ఉండలేదు.

మేడమ్ గారు మెడలోని గుర్తింపు కార్డు తీసి బల్లమీద పెట్టి, చుట్టూ తిరిగి హాలులోకి వచ్చి, అందరిలాగే టోకెను తీసుకుని కూర్చున్నారు. వేరే శాఖ నుంచి కొత్తగా వచ్చిన అధికారిణి వారి కుర్చీలో ఉన్నారు. ఆమె కౌంటరుకే మేడమ్ గారి టోకెను పడింది. నేనింకా ఒక ఖాతాదారుతో మాట్లాడుతున్నాను.

"రండి మేడమ్," అని పిలిచారు ఆమె.

"వెనకాలవాళ్లని కానివ్వండమ్మా. నాకు తొందరేం లేదు, సార్ దగ్గరే చేయించుకుంటాను," అన్నారు మేడమ్ గారు.

ఈ మాట నేను ఎన్నిసార్లు విన్నానో! నాకోసం అనగా వినడం అదే మొదటిసారి.

వారు వచ్చి నా ఎదురుగా కూర్చున్నారు. గుర్తింపు చూశాను, సంతకం సరిచూశాను, యూజర్ ఐడీ ఇచ్చాను. తరువాత కుర్చీ తిప్పి గోడవైపు కూర్చున్నాను. సర్క్యులరు వచ్చాక నేనూ తిరుగుతున్నాను గాని, అంత పూర్తిగా ఎన్నడూ తిరగలేదు. వెనుక ఒక్కొక్క మీటా నిదానంగా పడుతోంది. మధ్యలో ఆగిపోయింది. అయిందేమోనని మెడ ఒకటే లాగింది. పాత క్యాలెండరులోని ఆదివారాలను చదువుకుంటూ కూర్చున్నాను. మళ్లీ మీటలు మొదలయ్యాయి. అప్పుడు అర్థమైంది, కావాలనే ఆగారని.

"అయింది సార్, ఇటు తిరగండి," అన్నారు. తిరిగాను. వారు నవ్వుతున్నారు. "మీ ఆవిడకి నేను చెబుతాలెండి, మధ్యలో చూడలేదని."

అంటే ఇన్నేళ్లుగా వారికి అంతా తెలుసు.

చెప్పారు కూడా. ఆ సాయంత్రం మా ఆవిడ వంటింట్లోంచే అంది: "నా పాస్‌వర్డు గడువు అయిపోతోందట. సోమవారం మీ కౌంటరుకి వస్తా. టోకెను తీసుకునే వస్తాలెండి." ఎన్ని గంటలకు వస్తావని రెండుసార్లు అడిగాను. మరుక్షణమే, నేను ఎన్నేళ్లు చెప్పినా నమ్మని మనిషి మేడమ్ ఒక్కసారి చెప్పగానే నమ్మింది కదా అని మళ్లీ అసూయ పుట్టింది. ఇది నన్ను వదిలేది కాదు.

మేడమ్ గారు భర్తతో, కుమార్తెతో, చెక్కుచెదరని ఆరోగ్యంతో, తమ పాస్‌వర్డు తామే కొట్టుకోగల చూపుతో, చేతి పట్టుతో నిండు నూరేళ్లూ జీవించాలని మా విభాగం తరఫున ఆకాంక్షిస్తున్నాను. నా తరఫున మరొక్క కోరిక. ఏడాదికొకసారైనా వారు ఆ పాస్‌వర్డు మరిచిపోవాలి. టోకెను తీసుకుని మా హాలులో కూర్చోవాలి, పక్క కౌంటరు ఖాళీగా ఉన్నా నా కోసం ఆగాలి. వారు 'అయింది' అనేదాకా నేను గోడవైపే తిరిగి ఉంటాను.