అవ్వ కథకు ఆఖరి పేజీ

“అవ్వ కథకు ఈ ఆఖరి పేజీ ఎవలు రాసిండ్రు?”

సిరిసిల్లలో, కన్నుమూసిన తల్లి కథల పుస్తకం ఆవిష్కరణ ముగిశాక, కోరుట్ల నుంచి వచ్చిన అక్క తమ్ముణ్ణి అడిగిన ప్రశ్న ఇది.

“మంచిగనే ఉన్నది గదక్కా, అందరు చప్పట్లు కొట్టిండ్రు.”

“అవ్వ రాసిన కథల గా ఆడామె సాంచాల మగ్గాలకు నూలు కండెలు సుట్టుడు ఆపి, ఇల్లిడిసి పోతది. నీ పుస్తకంల మొగని కాళ్లు మొక్కి మళ్ల సుడుతాంది.”

“బాపు పరువు పోతదని నేనే మార్చిన.”

“బాపు సచ్చి పదేండ్లాయె. ఇంక ఆయన పరువేనా? అవ్వ చేతిరాత ఏది?”

“అవ్వతోనే కాష్టంల పెట్టిన.”

“అవ్వ గడప దాటింది గా ఒక్క కాయిదంలనే, తమ్మీ.”

ఈ పుస్తకం మీ ఇంట్లో ఉంటే ఆఖరి పేజీ చింపండి. ఆమెను వెళ్లనివ్వండి.