ఫర్వాలేదన్న మాట

పదవీ విరమణ చేసిన ఒక జంతుశాస్త్ర ఆచార్యుని ఇంటి ముందుగది. మధ్యాహ్నవేళ. మాట్లాడుకుంటున్నవారు ఆయన, ఆయన భార్య, ఆయన పర్యవేక్షణలో నత్తల మీద పరిశోధన చేస్తున్న ఆఖరి విద్యార్థిని.

"...కూర్చోను సార్. కూర్చుంటే ఏడుపొస్తుంది. నిలబడే చెప్తాను."

"నిలబడి చెప్పినా వాక్యం పూర్తిగా చెప్పు. 'పేరు తీసేశారు' అన్నావు. ఎవరు తీశారు? ఎక్కడినుంచి తీశారు? కర్తా లేదు, కర్మా లేదు."

"కర్త ఆఫీసు సార్. కర్మ నాది."

"హాస్యమాడే ఓపిక మిగిలి ఉందంటే పరిస్థితి మరీ విషమించలేదన్నమాట."

"హాస్యం కాదు సార్. చివరి ఏడాది స్కాలర్‌షిప్పుకి నిన్న పొద్దున దాకా నా పేరుంది. ఇప్పుడు లేదు. సాయంత్రం కమిటీ సంతకాలు పెట్టేస్తుంది. సంతకాలయ్యాక ఎవరొచ్చి మొత్తుకున్నా మార్చరట."

"అమ్మాయ్, ముందు ఈ మంచినీళ్ళు తాగు. పరిగెత్తుకొచ్చినట్టున్నావు."

"బస్సు కోసం నిలబడలేకపోయానమ్మగారూ. నడిచే వచ్చేశాను."

"ఏమండీ, మీ వ్యాకరణం తర్వాత చూసుకోవచ్చు. ఆ పిల్లకి కుర్చీ చూపించండి."

"చూపించాను. తానే కూర్చోనంది. సరే, కారణమేమని చెప్పారు?"

"ఎవరూ ఏమీ చెప్పరు సార్. కిటికీ దగ్గర గుమాస్తాగారు జాలిపడి ఒక్క ముక్క చెప్పారు. 'మమ్మల్నడుగుతావేంటమ్మా, మీ సారే ఫర్వాలేదన్నారట' అని. అంతే చెప్పి కిటికీ వేసేశారు."

"అందులో తప్పేముంది? అన్నాను."

"అన్నారా సార్?"

"అన్నాను. మొన్న కార్యదర్శి ఫోన్ చేశాడు. తూనీగ."

"తూనీగెవరు సార్?"

"ఈయన శిష్యుడేనమ్మా. క్లాసులో ఒకచోట కుదురుగా కూర్చోడని ఈయన పెట్టిన పేరు. ఇప్పుడా కమిటీకి కార్యదర్శి."

"రోజంతా కదలకుండా కూర్చునే ఉద్యోగం వాడెలా నెట్టుకొస్తున్నాడో నాకిప్పటికీ అంతుపట్టదు. నీ గురించి అడిగాడు. ఫర్వాలేదన్నాను. ఒకసారి కాదు, రెండుసార్లు. 'ఫర్వాలేదు, ఫర్వాలేదు' అని. ఒక విద్యార్థి గురించి ఆ మాట వెంటవెంటనే రెండుసార్లు అనడం నా ఉద్యోగ జీవితంలో అదే ప్రథమం."

"నాకు తెలుసు సార్. మీ నోట ఆ మాట వచ్చిన రోజు ల్యాబులో ఎవరికీ పని సాగదు. ఒకరి వీపు ఒకరు తట్టుకోవడంతోనే సరిపోతుంది."

"అతిశయోక్తులు నాకు చేతకావు. అద్భుతం అనే మాటను సూర్యగ్రహణాల కోసం దాచుకోవాలి. సిద్ధాంత గ్రంథాల మీద ఖర్చు పెట్టకూడదు."

"కానీ బయటివాళ్ళకి ఆ సంగతి తెలియదు కదా సార్. ఫర్వాలేదంటే ఏదో అంతంతమాత్రమే అనుకుని ఉంటారు."

"తూనీగ అలా అనుకోడు. వాడి గ్రంథం చదివి నేనా మాట అన్ననాడు సంతోషం పట్టలేక ఎగిరి, ఇదిగో, ఈ గుమ్మానికే తల కొట్టుకున్నాడు."

"బొప్పి కట్టింది కూడాను. నేనే తడిగుడ్డ వేశాను."

"అంటే ఆయనకా మాట విలువ తెలుసు."

"నిస్సందేహంగా."

"తెలిసీ నా పేరు కొట్టేశారు."

"అదే నాకు బోధపడడం లేదు."

"సార్, ఆయన మిమ్మల్ని సరిగ్గా ఏమడిగారు?"

"చెప్పాను కదా. నీ గురించి."

"నా గురించి ఏమని?"

"పరిశోధన ఎలా సాగుతోందని. ఇంకేమడుగుతారు?"

"అలా అడిగారా సార్, అలా అడిగి ఉంటారా?"

"నాకే అడ్డప్రశ్నలు వేస్తున్నావా?"

"మీరు నేర్పిందే సార్. నత్త ఏం చేసిందో రాయి, ఏం చేసి ఉంటుందో రాయకు అని."

"ఏమండీ, మందు వేసుకున్నారా?"

"ఎండగా ఉంటే పరదా వెయ్యి. నన్నడగడమెందుకు?"

"ఎండ కాదండీ. మందు."

"వంటింట్లోంచి గొణిగితే ఎవరికి వినపడుతుంది?"

"వంటింట్లో లేను. మీ పక్కనే ఉన్నాను. ఎడమ పక్క."

"సార్, మీరు ఫోను ఏ చెవికి పెట్టుకుంటారు?"

"ఇదేమి ప్రశ్న?"

"ఎడమ చెవికేనమ్మా. కుడిచేత్తో రాసుకోవాలి కదా. అవతలివాళ్ళు చెప్పేది రాసుకుంటూ వినడం ఉద్యోగంలో చేరినప్పటి అలవాటు. ఇప్పుడు రాసుకోవడానికేం లేకపోయినా చెయ్యి అటే పోతుంది."

"నువ్వు లోపలికి వెళ్ళు."

"వెళ్ళను. ఆ చెవి పోయి మూడేళ్ళయిందమ్మాయ్. డాక్టరు మిషను రాసిచ్చాడు. కొని తెచ్చాం. బీరువాలో ఉంది. డబ్బా మూత కూడా తియ్యలేదు ఈయన."

"పోలేదు. కొంత మందగించింది. రెండింటికీ తేడా ఉంది."

"మూడేళ్ళా? సార్, నేను మీ దగ్గర చేరి నాలుగేళ్ళు. నాకెప్పుడూ..."

"తెలియనివ్వలేదు. పెదవుల కదలిక, ముఖకవళికలు, సందర్భం. వీటితో చాలావరకు గ్రహించవచ్చు."

"ఫోన్లో మొహం కనపడదు కదా సార్."

"సందర్భాన్నిబట్టి ఊహించుకుంటాను."

"ఈ ఏడు వేరేవాళ్ళకి ఇచ్చేస్తే మీ అమ్మాయికి ఇబ్బందా అని అడిగి ఉంటే? అలా అడిగి ఉంటే, సార్?"

"ఏమండీ, ఆ పిల్ల అడిగింది విన్నారా?"

"అలా అడిగి ఉంటే... నా జవాబు ఆ ప్రశ్నకు కూడా సరిగ్గా అతుకుతుంది."

"ఇప్పుడే ఫోన్ చెయ్యండి సార్. ఇంకా ఆఫీసులోనే ఉంటారు."

"చేసి ఏమని చెప్పను?"

"వినపడలేదని."

"వాడికా? వారం వారం క్లాసులో వాణ్ణి లేపి నిలబెట్టి, చెవులు ఇంట్లో పెట్టి వచ్చావా అని అడిగినవాణ్ణి నేను. అరవైమంది నవ్వేవారు. వాడితో ఇప్పుడు నేను... లేదు. వేరే మార్గం ఆలోచిద్దాం. పరిశోధకులకు సహాయం చేసే సంస్థలు ఇంకా ఉంటాయి."

"ఉన్నాయి సార్. ఇదివరకే అన్నీ తిరిగాను, ఎక్కని గుమ్మం లేదు. ఒకచోట మనుషుల రోగాలకైతే ఇస్తాం, నత్తలకివ్వం అన్నారు. ఫ్యాక్టరీ కాలవ నీళ్ళకి నత్తల గుల్ల పల్చబడితే ఆ నీళ్ళు తాగే మనుషుల సంగతేంటో చూడండీ అన్నాను. అయితే మనుషుల మీదే చేసి రమ్మన్నారు. ఇంకోచోట నా వయసు దాటిపోయిందట. ఎంత దాటిందంటే, దరఖాస్తు తీసుకునే రోజుకి దాటలేదు, చూసే రోజుకి దాటింది. మరొకళ్ళు వేరే దేశంలో సభకి వెళ్తే విమానం టిక్కెట్టు ఇస్తామన్నారు. బస్సెక్కలేనిదానికి విమానమెందుకు సార్?"

"వచ్చే సంవత్సరం తప్పక ఇస్తారు. వాడితో నేను..."

"వచ్చే ఏడు నేనుండను సార్. స్కాలర్‌షిప్పు లేకపోతే నెలాఖరుకి ల్యాబు తాళం వెనక్కిచ్చేయాలి. తొట్లు ఖాళీ చెయ్యాలి. నత్తలు గుడ్లు పెట్టే కాలం ఇప్పుడే మొదలైంది. వాటినేం చెయ్యను? అక్క ఇంటికి తీసుకెళ్ళనా? నేను తినడమే అక్కడ ఎక్కువగా ఉంది. బావ నాతో మాట్లాడటం మానేశారు. కంచం పెట్టినప్పుడు అక్క కూడా నా మొహం చూడదు. నిన్న బట్టల కొట్లో లెక్కలు రాసే పని మాట్లాడి వచ్చింది. ఇవాళ ఏ సంగతీ తేలకపోతే రేపు పొద్దున్న చేరాలి."

"అది తాత్కాలికమే కావచ్చు."

"కాదు సార్. ఆ గడప ఎక్కితే మళ్ళీ నేనిటు రాను. నా సంగతి నాకు తెలుసు. రాత్రంతా నాకు నేనే సర్ది చెప్పుకున్నా, నత్తలు లేకపోతే బతకలేనా ఏంటి అని. తెల్లారేసరికి సరే, బతకొచ్చులే అనిపించింది. అదే నాకు భయమేసింది సార్. ఇంకొక్క రోజు గడిస్తే నిజంగానే బతికేస్తాను. మిమ్మల్ని తలదించుకోమని అడగడానికి రాలేదు నేను. ఇక్కడికొచ్చేదాకా అసలేం అడగాలో కూడా తెలియదు. ఇప్పుడు తెలిసింది, అడగడానికి నోరు రావడం లేదు."

"నువ్వేం అడగక్కర్లేదమ్మాయ్. ఏమండీ, ఆ ఫోనిటు ఇవ్వండి. నేను చెప్తాను."

"వద్దు. నువ్వు చెబితే నాకు చెవుడని నా భార్య చెప్పినట్టవుతుంది. నేను చెబితే నేను చెప్పినట్టవుతుంది. రెండోదానికి కొంతైనా పరువుంది. అంకెలు నొక్కు."

"నొక్కాను. ఏ చెవికి పెట్టుకుంటున్నారు?"

"కుడి చెవికి. చూస్తున్నావుగా. హలో... నేను, మాస్టార్ని... బాగానే ఉన్నాను. మొన్న నువ్వడిగిన ప్రశ్న మళ్ళీ ఒకసారి అడుగు. అవే మాటల్లో... ఊఁ... ఊఁ. 'మీ అమ్మాయికి వచ్చే ఏడు ఇద్దాం, ఈసారికి ఆపితే ఏమైనా ఇబ్బందా.' అదన్నమాట నువ్వడిగింది."

"సార్..."

"ఉండమ్మా. విను, నాయనా. ఆ ప్రశ్న నాకు వినపడలేదు... లైను తప్పు కాదు. లైను దివ్యంగా ఉంది. నా చెవి. ఎడమ చెవి నాకు వినపడదు... మూడేళ్ళ నుంచి. ఎవరికీ చెప్పలేదు. విన్నట్టు నటించాను. నువ్వు నమ్మావు. నీ తప్పేమీ లేదు... నవ్వుతున్నావా?... నవ్వడం లేదూ. సరే."

"అమ్మాయ్, ఆ కుర్చీలో కూర్చో. అంత దూరం నడిచొచ్చావు."

"నువ్వు అడగని ప్రశ్నకు నేను చెప్పిన జవాబది. ఆ పిల్ల పని ఎలా ఉందంటే ఫర్వాలేదు... ఆఁ. ఆ అర్థంలోనే. నీకు బొప్పి కట్టిన అర్థంలో. ఈ ఏడు ఆపితే ఆ పని ఆగిపోతుంది. ఆగితే మళ్ళీ మొదలు కాదు... ఉంటాను. ఎంతసేపైనా ఉంటాను."

"ఏమంటున్నాడండీ?"

"ఇంకా సంతకాలు కాలేదట. లోపలికి వెళ్ళాడు. బల్ల మీద కాగితాలు తిరగేస్తున్నారు... ఎవరో దగ్గారు... ఈ చెవికి అన్నీ వినపడుతున్నాయి."

"అన్నీ వినపడతాయనే కదా, ఇటు తిప్పి పెట్టుకోండీ అని మొత్తుకునేది."

"ష్... చెప్పు, నాయనా... ఊఁ... ఊఁ... మంచిది. నువ్వు చదువుకునే రోజుల్లో నిన్ను నేనన్న మాటలు కొన్ని... ఆఁ? గుర్తు లేవూ? నీకు వినపడలేదేమో. సంతోషం. ఉంటాను."

"సార్?"

"నీ పేరు మళ్ళీ చేర్చారు. ఏడాది మొత్తానికి. ఇంకొక సంస్థ నుంచి ఎవరికో వేరే సహాయం దొరికిందట, ఒక చోటు ఖాళీ అయింది. ఎవరి నోటి దగ్గరిదీ లాక్కోలేదు. నీకా సందేహం వద్దు."

"ఇప్పుడెందుకమ్మాయ్ ఏడవడం? అయిపోయిందిగా."

"ఏడవడం లేదమ్మగారూ. అక్కకి ఫోన్ చేసి ఏమని చెప్పాలో తెలియక... బట్టల కొట్టుకి వెళ్ళక్కర్లేదని చెప్పాలి కదా."

"ఏముంది, ఫర్వాలేదని చెప్పు."

"చెప్తానమ్మగారూ. సార్, ఒక సంగతి. మీరా మాట నా గురించి మొన్ననే కొత్తగా అన్నాననుకుంటున్నారు. పోయిన ఏడు నాతోనే ఒకసారి అన్నారు. మీకు గుర్తుండదు."

"నీతోనా? ముఖం మీద అనే అలవాటు నాకు లేదే."

"అందుకే నాకు అంత గట్టిగా గుర్తుంది. ఒకరోజు మీరు ల్యాబుకొచ్చారు. అంతకుముందే పంపు పాడైంది కదా, ఆ రోజు."

"ఏ పంపు?"

"చెప్పాను కదా సార్ అప్పుడు. రెండు తొట్లు. ఒకదాంట్లో మంచినీళ్ళు, ఒకదాంట్లో ఫ్యాక్టరీ కాలవ నీళ్ళు. పంపు పాడై కాలవ నీళ్ళే రెండిట్లోకీ పోయాయి. వారాల తరబడి. నేను చూసుకోలేదు. చూసేసరికి పోల్చి చూడ్డానికి మంచినీళ్ళ నత్తలే లేకుండా పోయాయి. మొదటినుంచీ మళ్ళీ చెయ్యాలా అని మిమ్మల్నే అడిగాను. చెయ్యమంటే ఆ రోజే మానేసి వెళ్ళిపోదామని సంచీ కూడా సర్దుకున్నాను. మీరు తల కూడా ఎత్తలేదు. 'ఫర్వాలేదు' అన్నారు. ఆ ఒక్క మాట పట్టుకుని బతికాను సార్. తర్వాతి అధ్యాయాలన్నీ ఆ తొట్ల మీదే కట్టాను."

"ఏమండీ? ఏమైందండీ, అలా చూస్తారేం?"

"ఎక్కడ ఉండగా అడిగావు?"

"మైక్రోస్కోపు దగ్గర సార్. మీరు వంగి చూస్తున్నారు. నేను మీ పక్కకొచ్చి నిలబడి..."

"ఏ పక్కకమ్మా?"