పదికి తొమ్మిది

ఆ కాగితం నా ముందునుంచి తీసెయ్యండి డాక్టరమ్మా! మళ్లీ అదేనా? ఈసారి నా వంతా? బరువు చూశారు, నాడి చూశారు, మెట్లెక్కించి దించారు. సరే, ఒంటికి కొలతలున్నాయి. ‘మీ ఆత్మబలానికి పదికి ఎన్ని మార్కులు?’ అంటే ఏం చెప్పమంటారు, నా తలకాయ!

ఇరవై రెండేళ్లుగా సిపాయిలకి డ్రిల్లు నేర్పుతున్నాను. ఎవడు డీలాపడ్డాడో బూటు చప్పుడు వింటే చెప్పేస్తాను. మీకేమో కాగితం కావాలి!

మా దళంలో ఆ బక్కోడున్నాడే, వాడి కాగితంలో ఏ తేడా కనపడలేదంటారా? ‘బతకాలని ఉందా?’ అన్నచోట తొమ్మిది వేసినవాడు, మూడోరోజుకి డ్రిల్లు మైదానంలో తాళ్లు పట్టుకు ఎక్కే టవరెక్కి దూకేశాడే! మీ చదువంతా ఏమైనట్టు?

అలా చూడకండి. అరుస్తున్నానా? అరుస్తాను. నా గొంతే అంత.

ఒక్కడికి తక్కువొచ్చినా దళం మొత్తానికి సెలవు బంద్ అని రూలు పెట్టిందెవరు? మీ ఆఫీసే కదా! ముప్పైమంది సంచులు సర్దుకుని గుమ్మంలో కూర్చున్నారు. ఒకడి పెళ్లానికి నెలలు నిండాయి. ఇంకొకడు కూతురి మొహమే చూడలేదు. వీడేమో పెన్సిలు కొరుక్కుంటూ ఆఖరిదాకా కూర్చుని ఒకటి వేశాడు. ఒకటి!

ఆఁ, నాకెలా తెలుసా? కాగితాలన్నీ మీకంటే ముందు నేనే చూస్తానమ్మా. ప్రతిసారీ అంతే. తక్కువ వేసినవాడికి రబ్బరు చేతికిస్తాను. నవ్వుకుంటూ దిద్దేస్తారు. మా దగ్గర అదే పద్ధతి.

వాడు నవ్వలేదు. “ఇది నిజమండీ, మాస్టారూ” అన్నాడు. ఎంత మెల్లగా అన్నాడో!

“నీ నిజం ఎవడిక్కావాల్రా? నీ ఒక్కడి మూలాన ఇంతమంది ఏడవాలా?” అన్నాను. చెరిపాడు. కాగితం చిరుగుతుందేమో అన్నట్టు చెరిపాడు. ఆ గరుకు మీ వేలికి తగల్లేదూ? తొమ్మిది నేనే వెయ్యమన్నాను. పది వేస్తే మీకు అనుమానమొస్తుందని.

సెలవులొచ్చాయి. అందరూ వెళ్లిపోయారు. వాడొక్కడే ఉండిపోయాడు. ఎందుకెళ్లలేదని నేనడగలేదు. పీడా విరగడైందనుకున్నాను... రాసుకోండి, అదీ రాసుకోండి.

నిన్న వార్డుకెళ్లాను. మెడ కదిపితే ప్రాణానికే ముప్పని నర్సమ్మ వాడికి చెబుతూనే ఉంది. నన్ను చూసి, పళ్లు బిగబట్టి, మొహం గోడవైపు తిప్పేసుకున్నాడు.